నోరు తెరిచే గ్యారేజీ

ఆ సందులో ఎవరి అడ్రసు అడిగినా ఇంటి నంబరు చెప్పరు. నోరు తెరిచే గ్యారేజీకి ఇటు నాలుగో ఇల్లు, అటు రెండో ఇల్లు — ఇదే లెక్క. పగలైతే నవ్వుతూనే చెప్తారు. రాత్రి పదిన్నర దాటాక అదే మనిషిని అడిగి చూడండి... నవ్వడు. అసలు వాకిలే తియ్యడు.

ఇల్లు చూడ్డానికి బాగానే ఉంటుంది. ఒక హాలు, రెండు గదులు, వంటిల్లు, వీధివైపు ఒక గ్యారేజీ. దానికి నాలుగు అడ్డపలకల ఇనప తలుపు. మీట నొక్కితే మోటారు తిరిగి, పక్క పట్టాల మీద పైకి పాకి, కప్పు కింద పడుకుంటుంది. ఇంకోసారి నొక్కితే దిగుతుంది. ఎవరో ఒకరు నొక్కాలి సుమా. ఈ తలుపు మాత్రం ఎవరూ నొక్కకుండానే కదిలేది.

ఒక రాత్రి లేచేది. తెల్లవార్లూ, మర్నాడు పగలంతా అలా నోరు తెరుచుకునే ఉండేది. దగ్గరికెళ్ళి మూసే మొగాడు ఆ సందులో లేడు. దొంగలు కూడా తొంగి చూడలేదంటే చూసుకోండి. మర్నాడు రాత్రి, ఇంచుమించు అదే వేళకి, గరగరమంటూ దిగేది. దిగి... నేలకి గట్టిగా ఒక గుద్దు గుద్ది ఊరుకునేది.

ఎదురింటి నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చేది ఆ వేళకే. ఇరవై ఏళ్ళుగా ఆస్పత్రిలో చచ్చినవాళ్ళని కడిగి, తుడిచి, దుప్పటి కప్పిన చేతులు ఆవిడవి. అలాంటి మనిషి ఆ తలుపు ముందుకి రాగానే చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు లేకుండా అవతలి గోడ వారగా నడిచేది. ఎందుకంటే ఆ రాత్రి చూసింది ఆవిడే.

ఆ ఇల్లు వాచీల పెద్దాయనది. బజార్లో వాచీలు బాగుచేసే కొట్టు. మనిషి నెమ్మదస్తుడు, గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఏడాది కిందట ఒక రాత్రి కొట్టు కట్టేసి వచ్చి, స్కూటరు లోపల పెట్టాడు. చేతిలో రేకు డబ్బా జారి గడపమీద పడింది. ఆవగింజలంత స్క్రూలు చెల్లాచెదరయ్యాయి. ఆ వయసులో మోకాళ్ళ మీద వంగి, తల లోపలికి, నడుం బయటికి పెట్టి, ఒక్కొక్కటే వేలితో అద్ది ఏరుకుంటున్నాడు.

తలుపు దిగింది.

నర్సమ్మ అప్పుడే సందు మలుపు తిరిగింది. ఆవిడకి కనపడింది తలుపు కింద నడుం, రెండు కాళ్ళు. తల లోపలుంది. మెడ మీద తలుపు అంచు ఉంది. అరిపాదాలు రెండూ నేలకేసి టపటపా కొట్టుకుంటున్నాయి. ఆవిడ పరిగెత్తి అంచు పట్టుకుని లాగింది. గోళ్ళు విరిగాయి. పైన మోటారు మాత్రం ఆగకుండా మూలుగుతూ, ఇంకా కిందికి... ఇంకా కిందికి నొక్కుతూనే ఉంది. లోపల ఏదో విరిగిన చప్పుడు. ఆ తర్వాత పాదాలు కొట్టుకోవడం మానేశాయి.

ఆవిడ కేకలకి సందంతా లేచింది. వెనక వీధిలోంచి తలుపులాయన కూడా పరిగెత్తుకొచ్చాడు.

ఈ కథ తలుపులాయనదే. గ్యారేజీ తలుపులు బిగించడం, బాగుచేయడం అతని పని. అతని ఇల్లు సరిగ్గా ఆ ఇంటి వెనకాలే — వీపూ వీపూ ఆనించినట్టు రెండిళ్ళూ, మధ్యన ఒక ప్రహరీ. వాకిళ్ళు మాత్రం చెరో వీధిలోకి. అతనికీ వ్యాను పెట్టుకునే షెడ్డు ఒకటుంది. పాతికేళ్ళ పనితనం. ఒకసారి స్ప్రింగు తెగి మొహాన కొడితే ముందు పళ్ళు రెండు పోయాయి. ఆ పళ్ళ ఖాళీ చూపించి నవ్వుతూ, ఇది నా డిగ్రీ అనేవాడు. వాచీల పెద్దాయన గ్యారేజీకి తలుపు బిగించింది కూడా అతనే.

ఆ రాత్రి అతను పక్క దారిన ఇంట్లోకి దూరి, మోటారుకి వేలాడే ఎర్ర తాడు లాగి దాని పట్టు విడిపించి, నలుగురి సాయంతో తలుపు ఎత్తాడు. పెద్దాయన్ని బయటికి లాగారు. తల ఎటు వాలాలో అటు కాకుండా ఇంకెటో వాలింది. వాచీలావిడ — పెద్దాయన భార్య — ఆ తల ఒళ్ళో పెట్టుకుని, నోట్లోంచి వస్తున్న రక్తాన్ని కొంగుతో తుడుస్తూనే ఉంది. తుడిస్తే లేస్తాడన్నట్టు...

అప్పుడు ఎవరో అడిగారు, మనిషి అడ్డంగా ఉంటే తలుపు ఎలా దిగిందయ్యా అని.

"దిగదు," అన్నాడు తలుపులాయన. "ఈ తలుపుకి కళ్ళున్నాయి. పైనుంచి చూస్తూనే ఉంటాయి. మనిషి అడ్డమొస్తే దిగనే దిగదు."

ఆ మాట అబద్ధం. ఆ సందులో దెయ్యం పుట్టింది ఆ అబద్ధానికే.

కళ్ళంటే రెండు నల్లటి చిన్న డబ్బాలు. వాటిని గుమ్మానికి అటొకటి ఇటొకటి, చీలమండ ఎత్తున బిగించాలి. ఒకదాన్నించి ఒకదానికి కంటికి ఆనని కిరణం పోతూంటుంది. దానికి పిల్లి అడ్డొచ్చినా, పసిపాప చెయ్యి అడ్డొచ్చినా, దిగే తలుపు ఆగి వెనక్కి పోవాలి. మొదట్లో అలాగే బిగించాడు. కానీ సాయంత్రం ఎండ సూటిగా ఒక కంట్లో కొట్టేది, తలుపు దిగనని మొండికేసేది. పెద్దాయన నాలుగుసార్లు కబురు పెట్టాడు. నాలుగోసారికి తలుపులాయనకి విసుగొచ్చింది. రెండు కళ్ళూ ఊడపీకి, ఒకదానికొకటి ఎదురుపెట్టి, నల్ల టేపు చుట్టి మోటారు పక్కన కప్పుకి కట్టేశాడు. ఇక అవి ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చున్నాయి. కింద ఏం జరిగినా వాటికి పట్టదు. పట్టాలు కాస్త బిగుతుగా ఉన్నాయని మోటారు బలం స్క్రూ కూడా చివరిదాకా తిప్పి పెట్టాడు. పెద్దాయన సంతోషపడి టీ ఇప్పించాడు.

ఆ మాట చెప్పగలిగే ధైర్యం ఆ రాత్రి అతనికి లేకపోయింది. ఎదురుగా ఆవిడ ఒళ్ళో ఆ తల ఉంది మరి. నేను వెనకేసుకొస్తున్నానని కాదు. పిరికితనం పిరికితనమే.

అంతే, ఆ మాట సందు సందంతా అల్లుకుపోయింది. కళ్ళున్న తలుపు మనిషి మీద దిగిందంటే దాన్ని దింపిందెవరు? పెద్దాయనకి ఎవరో చేయించారన్నారు. ఆ స్థలంలో పూర్వం ఏదో ఉండేదన్నారు. పెద్దాయన పోయిన మూడో రాత్రి నుంచి తలుపు తనంతట తానే లేవడం, దిగడం మొదలుపెట్టాక ఇక అనడానికేం మిగల్లేదు. వాచీలావిడ అక్కగారింటికి వెళ్ళిపోయింది.

నాలుగు నెలలకి బేకరీలో పనిచేసే అతనొకడు అద్దెకి దిగాడు. దెయ్యాలూ గియ్యాలూ నా దగ్గర కాదన్నాడు. పదకొండో రోజు రాత్రి, తెరిచి ఉన్న తలుపుని చేత్తో దించుదామని రెండు పలకల మధ్య సందులో వేళ్ళు పెట్టి పట్టుకున్నాడు. అప్పుడే తలుపు కదిలింది. పలకలు మడత విప్పుకుని ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. మూడు వేళ్ళు... రెండో కణుపు దగ్గర నలిగి, తోలు పట్టుకుని వేలాడాయి. నర్సమ్మ వాటిని గుడ్డలో చుట్టి, అతన్ని ఆస్పత్రికి పంపించింది. రెండు అతుక్కోలేదు. అతను సామాను కోసం కూడా మళ్ళీ రాలేదు.

తలుపులాయన ఇదంతా విన్నాడు. కళ్ళు కట్టేసింది తనే, అది నిజం. కానీ తలుపుని కదిలించింది ఎవరు? పాతికేళ్ళ పనివాడికి కూడా ఆ లెక్క తేలలేదు. నెలలు గడిచేకొద్దీ అతనూ లోలోపల నమ్మడం మొదలెట్టాడు. పెద్దాయనే. తనకోసమే తలుపు తెరిచిపెట్టుకుని కూర్చున్నాడని.

అలా ఏడాది నెట్టుకొచ్చాక కూతురు ఒక రోజు నవ్వుతూ వచ్చింది. ఇల్లు దొరికింది నాన్నా అంది. సగం అద్దెకే. మీ ఇంటి వెనకే.

అన్నం ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. ఆ ఇల్లు వద్దన్నాడు. ఎందుకని అడిగింది. చెడ్డపేరుంది అన్నాడు. కూతురికి నవ్వాగలేదు.

"నువ్వే కదా నాన్నా అందరికీ చెప్పావు, ఆ తలుపు మంచిదేనని? కళ్ళున్నాయని? నీకంటే బాగా ఎవరికి తెలుసు?"

దానికి ఉన్న ఒక్క జవాబూ చెప్తే వీధిలో తలెత్తుకు తిరగలేడు, మళ్ళీ ఎవరి ఇంటి తలుపూ ముట్టుకోలేడు. అల్లుడు అడ్వాన్సు కూడా కట్టేశాడు. పక్కన నాలుగేళ్ళ మనవరాలు అప్పుడే ఆ గ్యారేజీలో బొమ్మలిల్లు కడతానని చేతులు తిప్పుతూ చెప్తోంది. తలుపు కింద నించుని లోపలికీ బయటికీ గెంతుతానంటోంది. ఆ రాత్రి అతను నిద్రపోలేదు. కళ్ళు మూస్తే మనవరాలి మెడ కనపడేది.

సామాను మార్చేది ఆదివారం పొద్దున్న. శనివారం రాత్రి పదింటికి తలుపులాయన నిచ్చెన, పనిముట్ల సంచీ, కొత్త కళ్ళ జత తీసుకుని బయల్దేరాడు. పనుందని భార్యతో అన్నాడు. ఎక్కడని ఆవిడ అడిగితే, దగ్గరే అన్నాడు. అరగంట పని. కళ్ళు ఉండాల్సిన చోట బిగించి, బలం స్క్రూ వెనక్కి తిప్పి, పాత టేపు చుట్ట జేబులో వేసుకుని వచ్చేస్తే సరి. పిల్ల ప్రాణానికి ఢోకా ఉండదు, తన గుట్టూ బయటపడదు. నిచ్చెనెక్కి పాత టేపు విప్పుతూ పగటిపూట ఎవరి కంటా పడకూడదు కనక రాత్రి ఎంచుకున్నాడు.

తలుపు తెరుచుకునే ఉంది. లోపల చీకటి.

గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. నేలమీద ఆ మరక ఎంత కడిగినా పోలేదని అందరూ చెప్పుకునేదే... చూడకుండా దాటాడు. గోడకున్న బల్బు వదులై ఆరిపోయి ఉంటే, తడిమి బిగించాడు. వెలిగింది. దానికీ మోటారుకీ ఒకటే స్విచ్చు, ఏడాదిగా అది వేసే ఉంది. వైరు కలిసొస్తుందని అప్పట్లో అతనే అలా కలిపాడు. పని మొదలెట్టే ముందు మోటారుకి కరెంటు తీసెయ్యాలని కొత్తగా పనిలో చేరినవాడికి కూడా తెలుసు. తీస్తే వెలుతురు పోతుంది. ఆ గ్యారేజీలో, ఆ వేళ, చీకట్లో కూర్చునే ధైర్యం అతనికి లేదు.

ఇంకో అలవాటు కూడా ఉంది. పాత కళ్ళు పైన కట్టి ఉండగానే, ముందు కింద కొత్తవి బిగించేసి, వైర్లు చివర్లో మారుస్తాడు. నిచ్చెన ఒక్కసారే ఎక్కి దిగొచ్చని.

ఎడంపక్క కన్ను బిగించాడు. కుడిపక్కది బిగించడానికి గడపకి అడ్డంగా బోర్లా పడుకున్నాడు. తల, భుజాలు లోపల. కాళ్ళు వీధిలో. చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసి, రెండు డబ్బాలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూసుకుంటున్నాడు. ఇంకో రెండు చుట్లు తిప్పితే అయిపోతుంది.

పైన... టక్ మంది.

ఆ చప్పుడు అతనికి తెలుసు. మోటారు మేలుకున్న చప్పుడు. తల ఎత్తేలోపే గరగర మొదలైంది. చేతుల మీద లేవబోయాడు. స్క్రూడ్రైవరు అరచేతి కింద దొర్లింది, చెయ్యి జారి మళ్ళీ చెంప నేలకి కొట్టుకుంది. తలుపు అంచు నడుం మీద దిగింది.

మొదట ఊపిరి ఆడలేదు. నొప్పి తర్వాత వచ్చింది. మోటారు ఆగలేదు. తనే చివరిదాకా తిప్పిన బలం అది. తుంటి ఎముక మీద నొక్కి, నొక్కి... లోపల ఒక పుల్ల విరిగినట్టు వినపడింది. అది తన ఒంట్లోదేనని అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. అరిచాడు. కాళ్ళు వీధిలో వాటంతట అవే కొట్టుకుంటున్నాయి. పెద్దాయన కాళ్ళు కూడా ఇలాగే...

ఎర్ర తాడు పైన వేలాడుతోంది. నించున్న మనిషికి అందుతుంది, పడుకున్నవాడికి కాదు. సంచీ నిచ్చెన కింద ఉంది, నాలుగు బారల దూరం. పక్కకి దొర్లిన స్క్రూడ్రైవరు తీసుకుని అంచు కింద పెట్టి ఎత్తబోయాడు. అది వంగి, ఎగిరొచ్చి కనుబొమ్మ చీల్చింది. రక్తం కంట్లోకి కారింది.

ఆ మసకలోనే అతనికి ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు కనపడింది. మోకాళ్ళ మీద వంగి... నేలమీద ఏదో ఏరుకుంటున్నట్టు.

"పెద్దాయనా," అన్నాడు గొంతులోనే. "నా తప్పే. కళ్ళు నేనే కట్టేశాను. నన్ను తీసుకుపో. రేపొచ్చే పిల్లని మాత్రం..."

మోటారు మూలుగు ఒక్కటే వినపడింది.

అప్పుడు చొక్కా జేబులో ఫోను మోగింది. ఎలాగో లాగి, చెవి దాకా ఎత్తలేక, నేలమీదే పెట్టి స్పీకరు నొక్కాడు. భార్య. అన్నం చల్లారిపోతోంది, ఎక్కడున్నారని అడిగింది. అల్లుడు సామాన్ల వ్యానుతో వచ్చేశాడట. పొద్దున్నే బయల్దేరొచ్చని వ్యాను మన షెడ్డులోనే పెట్టుకుంటున్నాడట. మనవరాలికి నిద్ర లేదు.

"షెడ్డు తలుపు తనే తెరుస్తానని ఒకటే పేచీ. దాని చేతే నొక్కించాం. ఎంత మురిసిపోయిందనుకున్నారు!"

"ఎప్పుడు?" అన్నాడు.

"ఇదిగో, ఇప్పుడే. మీ గొంతేంటి అలా ఉంది?"

ఇప్పుడే.

పనివాడి బుర్ర చావు ముందు కూడా పనిచేస్తూనే ఉంటుంది కాబోలు. రిమోటు మూత తీస్తే లోపల ఎనిమిది బుల్లి మీటలుంటాయి. ఒక్కోటీ పైకో కిందికో జరపొచ్చు. మోటారులోనూ అలాంటివే ఎనిమిది. రెండు చోట్లా ఒకే వరస ఉంటే, ఆ రిమోటుకి ఆ తలుపు పలుకుతుంది. ఒక్కో ఇంటికి ఒక్కో వరస పెట్టాలి. తలుపులాయన ఎన్నడూ పెట్టలేదు. ఏ ఇంట్లోనైనా ఎనిమిదీ పైకే. ఎవరైనా రిమోటు పారేసుకుంటే సంచీలోంచి ఇంకోటి తీసిచ్చి పావుగంటలో బయటపడొచ్చని. ఊరంతా ఒకే తాళంచెవి పంచిపెట్టినట్టు. మిగతా ఇళ్ళు దూరదూరంగా ఉన్నాయి కనక ఏ గొడవా రాలేదు. తన షెడ్డు వెనకాలే మాత్రం ఈ గ్యారేజీ ఉంది.

ఏడాదిగా రాత్రి పదిన్నరకో పదకొండుకో పని నుంచి వచ్చి, బయట వ్యానులోంచి రిమోటు నొక్కి షెడ్డు తెరిచేవాడు. లోపలికెళ్ళాక మూయడానికి గోడకున్న మీట. దానికి వైరే తప్ప రిమోటుతో సంబంధం లేదు. రాత్రికొక్క నొక్కు... ఈ తలుపు ఒక రాత్రి లేచింది, మర్నాడు దిగింది. తన తలుపు చప్పుడులో ఈ చప్పుడు కలిసిపోయింది. బేకరీ అతని వేళ్ళు కూడా...

మరి పెద్దాయన?

తన షెడ్డుకి తలుపు బిగించుకున్న రోజు గుర్తొచ్చింది. మధ్యాహ్నమంతా కూర్చుని బిగించాడు. రాత్రి భోజనాలయ్యాక భార్యాభర్తలిద్దరూ వీధిలో నించుని మొదటిసారి రిమోటు పరీక్షించారు. తలుపు తేలిగ్గా లేచింది. భార్య చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగకముందే ఇంటి వెనక నుంచి నర్సమ్మ కేక వినపడింది.

అదే రాత్రి.

నడుం కింద ఇప్పుడు ఏమీ తెలియడం లేదు. నోట్లోకి ఉప్పగా ఏదో వస్తోంది. ఒక్కటే దారి ఉంది. పిల్ల ఇంకోసారి నొక్కితే ఈ తలుపు లేవాలి. లేస్తే బతుకుతాడు. కానీ లేచిందంటే దెయ్యం లేదు, పెద్దాయన ఆత్మ లేదు, ఎవరూ చేయించింది లేదు. చంపింది తమ ఇంటి రిమోటు. లేవకపోతే మాత్రం దెయ్యమే... ఇక్కడే చస్తాడు, అయినా ఆ పాపం తన ఇంటిది కాకుండా పోతుంది. ఏ మనిషీ కోరుకోనిది అతను కోరుకున్నాడు. దెయ్యమే కావాలని కోరుకున్నాడు.

"రిమోటు... పిల్ల చేత ఇంకోసారి నొక్కించు," అన్నాడు.

ఎందుకని భార్య అడిగింది. నొక్కించమన్నాడు. అవతల మనవరాలి నవ్వు వినపడింది.

తలుపు లేచింది.

రక్తం ఒక్కసారిగా కాళ్ళలోకి పారింది. నొప్పి అప్పుడు వచ్చింది అసలైనది. నోరు తెరిచాడు కానీ కేక రాలేదు. ఏడాదిగా వెన్నులో పాకిన భయమంతా, పైకి పాకుతున్న ఆ ఇనప పలకల వెంట కప్పులోకి వెళ్ళిపోయింది. దాని స్థానంలో వచ్చినది భయం కంటే వెయ్యి రెట్లు బరువు.

"తాతా, నేనే నొక్కా! మళ్ళీ నొక్కనా?"

వద్దు అన్నాడు. పెదాలు కదిలాయి, ఊపిరి లేదు. ఫోనులో ఆ మాట వెళ్ళలేదు. వెళ్ళినా పిల్లకి ఆట పట్టాక ఎవరి మాట వింటుంది... పైన టక్ మంది.

మోచేతుల మీద లాక్కున్నాడు. విరిగిన తుంటి ముక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటుంటే కళ్ళముందు తెల్లగా మెరిసింది. ఒక మోచెయ్యి. ఇంకో మోచెయ్యి. గరగర దగ్గరికొస్తోంది. మోకాళ్ళు గడప దాటాయి. కుడి పాదం దాటింది. ఎడమ పాదం మాట వినడం లేదు. రెండు చేతులతో ఆ పంట్లాం పట్టుకుని లాగాడు. తలుపు చెప్పుని కొరికి పట్టుకుంది, బొటనవేలి గోరు చీలింది, చెప్పు ఒదిలేసి పాదం లోపలికొచ్చింది. తలుపు నేలని గుద్దింది. ఆ అదురుకి బల్బు ఆరిపోయింది.

ఇప్పుడతను మూసిన తలుపు వెనక, చీకట్లో ఉన్నాడు.

అరుపులకి సందు లేచినట్టుంది. బయట అడుగుల చప్పుడు వినపడింది, ఒకరు, ఇద్దరు, అయిదారుగురు. దగ్గరికి మాత్రం రావడం లేదు. ఎవరో టార్చి వేశారు. తలుపు కింద సన్నటి వెలుగు గీత. ఆ గీత వెంట తన రక్తం బయటికి పోవడం అతనికి కనపడింది. గుసగుసలు ఆగిపోయాయి. వాళ్ళకీ కనపడింది.

"లోపల... ఎవరు?" నర్సమ్మ గొంతు.

ఏడాది కిందట ఇదే మనుషుల ముందు ఇదే తలుపు దగ్గర అబద్ధం చెప్పాడు. ఇక చాలనుకున్నాడు. పిల్ల ఈ ఇంట్లోకి రాకూడదు, ఈ మాట అందరికీ తెలియాలి, తర్వాత ఏమైనా కానీ.

"దెయ్యం లేదు," అన్నాడు. "పెద్దాయన్ని చంపింది నేను. కళ్ళు కట్టేసింది నేను. మీట నొక్కింది నేను."

ఊపిరాడని గుండెల్లోంచి, ఖాళీ గదిలో మోగి, ఇనప రేకులోంచి బయటికొచ్చేసరికి ఆ గొంతు ఎవరిదీ కాకుండా పోయింది. ఆ వెంటనే పరుగులు. టార్చి కిందపడి దొర్లింది. చూస్తూండగానే సందంతా ఖాళీ. శవాలని కడిగిన నర్సమ్మతో సహా, ఒక్కరు నిలబడితే ఒట్టు. ఇప్పటికీ ఆ సందులో అడగండి, ఆ గ్యారేజీలో దెయ్యం తలుపు వెనక నుంచి మాట్లాడిందని, పెద్దాయన్ని నేనే చంపానని ఒప్పుకుందని, చెవులారా విన్నామని చెప్తారు. వాళ్ళని ఆ మాటల నుంచి మళ్ళించడం నా వల్ల కాలేదు, మీ వల్లా కాదు.

కానీ ఒక్కరు పారిపోలేదు. నేలమీద ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. అవతల భార్య అంతా విన్నది.

మనవరాలు ఏడుస్తోంది దూరంగా. తర్వాత ఆవిడ గొంతు వచ్చింది, మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు.

"పిల్ల చేతిలోంచి రిమోటు తీసుకున్నాను. అల్లుడు పరిగెత్తుకొస్తున్నాడు, కదలకండి." ఆగింది. "పోలీసులొస్తే ఇందాక చెప్పినట్టు చెప్పకండి. షెడ్డు తలుపు బిగించిన రాత్రి రిమోటు నా చేతిలో పెట్టారు, నీ చేత్తో మొదలుపెట్టమన్నారు. నొక్కింది మీరు కాదు... నేను."